నీళ్ల మీద పుష్పాబాయి గొంతు

12 సెప్టెంబర్ 1996, గురువారం. సూర్యాపేట, హాస్టల్

ఇవాళ నాకొక కొత్త మాట దొరికింది. లగూన్.

కాలేజీ మ్యాగజైన్‌లో నేను రాసిన మూడు పేజీలు చదివి ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు. సాగర్ కట్టినప్పుడు మా దాది, అంటే నాన్నమ్మ, మోతీబాయి పుట్టిన తండా ఎలా మునిగిందో అందులో రాశాను. ఆయన పేరు జయకర్. బెజవాడ మనిషి. నాటకాలకు లైటింగ్ చేసేవారట. కోదాడ అవతల, మా తండా నుంచి నడిచిపోయేంత దూరంలో, మిర్యాలగూడ మిల్లు సేటు ఒకరు పార్కు కడుతున్నారు. దాని నడుమ పెద్ద మడుగు. దీపాలు పెట్టే వేళకు ఆ నీళ్ల మీద షో. పడవలు, రంగు లైట్లు, ఫౌంటెన్లు, స్పీకర్లలో కథ. ఆ కథ నన్ను రాయమన్నారు. నన్ను.

నువ్వు రాసిన గుడిసె మునుగుతుంటే నాకు కనపడిందమ్మా అన్నారు. ఇంతవరకు నా వాక్యం ఎవరికీ కనపడలేదు. దానికి మార్కులే పడ్డాయి.

డిక్షనరీ చూశాను. లగూన్ అంటే సముద్రం పక్కన ఉప్పునీటి మడుగు. ఇక్కడ నింపేది సాగర్ ఎడమ కాలువ నీరు. ఉప్పు లేదు. మా పాత తండాను ముంచిన నీళ్లే.

13 సెప్టెంబర్

హాస్టల్లో వంట చేసే లచ్చమ్మకు చెప్పాను. మునిగిన ఊరిని మళ్ల ముంచుతరా, టికెట్ పెట్టి, అని నవ్వింది. ఆమెకు స్క్రిప్ట్ అంటే ఏమిటో తెలియదు.

6 అక్టోబర్, ఆదివారం

పార్కుకు వెళ్లాను. జయకర్ సార్ పెద్ద షీటు పరిచి మడుగంతా గీసి చూపించారు. ఇక్కడ జనం కూర్చునే మెట్లు, ఇక్కడ స్పీకర్లు, ఇక్కడ నీళ్లలో మోటార్లు. అక్కడక్కడ ఎర్ర పెన్సిలుతో క్యూ అని రాశారు. నా ఫలానా మాట వినపడగానే ఫలానా లైటు వెలగాలి. అదే క్యూ. నా మాట విని నీళ్లు లేస్తాయన్నమాట. బస్సులో అదే తలుచుకుంటూ వచ్చాను.

గుడిసెలు థర్మకోల్‌తో చేశారు. తాడు లాగి ముంచబోతే మునగలేదు. తేలుతూ ఒడ్డుకు వచ్చేశాయి. తాళ్లు లాగే ఎల్లయ్య, సారూ, గప్పుడు నువ్వే ఇంజినీరువై ఉంటే మా ఊర్లు మునగకపోతుండె గద అన్నాడు. సార్ కూడా నవ్వారు. చివరికి ఒక్కో గుడిసెకు ఇటుకలు కట్టారు.

ముగింపు నాకు అక్కడే తోచింది. గుడిసెలన్నీ మునిగాక చీకటి. మాటలుండవు. అప్పుడు నీళ్ల అడుగున ఒక దీపం. కాసేపటికి ఇంకొకటి. కింద తండాలో ఇంకా ఎవరో వంట చేసుకుంటున్నట్టు. సార్ ఎర్ర పెన్సిలుతో షీటు మీద మడుగు నడుమ ఒక చుక్క పెట్టారు. తర్వాత, నువ్వు రైటర్‌వి కాదమ్మాయ్, డిజైనర్‌వి అన్నారు. నీళ్లు చొరని బల్బులు తెప్పిస్తానన్నారు.

నిద్ర పట్టదు.

20 అక్టోబర్, ఆదివారం. మిర్యాలగూడ

దాది చెల్లెలు పుష్పాబాయి రైలు దిగింది. నీళ్లు వచ్చినప్పుడు తండా రెండుగా చీలింది. దాది వాళ్లు ఇటు కోదాడ దగ్గరికి, పుష్పాబాయి వాళ్లు ఏటి అవతల మాచర్ల వైపుకు. ఏళ్లకొకసారి చూసుకుంటారు.

మా లంబాడీ ఆడవాళ్లు చాలా రోజులకు కలిస్తే ముందు మాటలుండవు. మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. చచ్చినవాళ్లు, పుట్టినవాళ్లు, పోయిన గొడ్లు, అన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. ఒకరు అందుకుంటే రెండోవారు పలకాలి. పలకకపోతే పగ ఉన్నట్టు లెక్క. నాకు ఆ రాగం రాదు. చిన్నప్పుడే హాస్టల్‌కు వచ్చాను.

వాళ్ల మాటతీరు పట్టుకోమని సార్ టేప్ రికార్డర్ ఇచ్చి పంపారు. ప్లాట్‌ఫారం మీదే నొక్కి పట్టుకున్నాను. మధ్యలో రైలు కూత పడింది. చాయ్ అమ్మేవాడి అరుపు కూడా పడింది.

ఏడుపయ్యాక ఇద్దరూ కళ్లు తుడుచుకుని, ఏమీ జరగనట్టు ఉల్లిగడ్డల ధర మాట్లాడుకున్నారు.

దాది ఆ డబ్బా వైపు అనుమానంగా చూసింది. ఆ సారు ఇని రాసుకుంటే రాసుకోనీ, మందికి మాత్రం ఇనిపియ్యద్దు బిడ్డా, ఇది మా ఇద్దరి మెడల నడుమది అంది.

3 నవంబర్

సార్‌కు క్యాసెట్ ఇచ్చి దాది షరతు చెప్పాను. రిఫరెన్స్ కోసమే తల్లీ, షోకి బెజవాడ నుంచి సింగర్‌ని పెడతాం, నా మీద నమ్మకం లేదా అన్నారు. అలా అడిగేసరికి నాకే సిగ్గేసింది.

2 డిసెంబర్

పుష్పాబాయి చనిపోయింది. కబురు ఆలస్యంగా వచ్చింది. దాది మాచర్ల చేరేసరికి అన్నీ అయిపోయాయి. పట్టుకుని ఏడవడానికి మెడ లేదు.

8 డిసెంబర్, ఆదివారం. తండా

 నేను బయల్దేరుతుంటే దాది నా కొంగు పట్టుకుంది. ఆ డబ్బల ఉన్నది నా చెల్లెనే గద, తెచ్చియ్యి బిడ్డా అంది. తెస్తానన్నాను.

15 డిసెంబర్

క్యాసెట్ బెజవాడ స్టూడియోలో ఉందట. వచ్చేవారం ఇస్తానన్నారు సార్. గేటు దగ్గర పెట్టే బోర్డు నమూనా చూపించారు. రచన: బానోతు శాంత. నా పేరును అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు. క్యాసెట్ సంగతి ఇంకోసారి అడగాలని తోచలేదు.

5 జనవరి 1997

అడిగాను. ఓపెనింగ్ హడావుడిలో ఉన్నాను తల్లీ అన్నారు. మొన్నటిదాకా కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఇవాళ నిలబెట్టే మాట్లాడారు.

26 జనవరి, ఆదివారం

రాసి పడుకుంటాను. రాయకపోతే పడుకోలేను.

ఇవాళ పార్కు ఓపెనింగ్. దాదిని తీసుకెళ్లి ముందు మెట్టు మీద కూర్చోబెట్టాను. అంతకుముందే గేటు దగ్గర బోర్డు చూశాం. కథ, మాటలు, రూపకల్పన: జయకర్. నా పేరు లేదు. పెయింటర్ మర్చిపోయి ఉంటాడనుకున్నాను. అప్పటికింకా అలా అనుకోగలిగాను.

మొదటి మాటలు నావే. ఎవరిదో మగగొంతు వాటిని చదువుతుంటే నీళ్లు నిజంగానే లేచాయి. ఒక్క నిమిషం బోర్డు సంగతి మర్చిపోయాను. గుడిసెలు మునిగాయి. జనం చప్పట్లు కొట్టారు. గుడిసె మునిగితే చప్పట్లు కొడతారని నాకు తెలియదు.

చీకటి పడింది. నా దీపం కోసం చూశాను. దీపం రాలేదు, పడవ వచ్చింది. అందులో నలుగురు, జుట్టు విరబోసుకుని, మా అద్దాల రవికెలు వేసుకుని. మునిగిన తండా దయ్యాలట. పిల్లలు కెవ్వుమన్నారు. కుర్రాళ్లు ఈలలు వేశారు. అప్పుడు స్పీకర్లలోంచి ఏడుపు. సింగర్ అనుకున్నాను. అంతలో రైలు కూత. దాని వెనకే చాయ్, చాయ్.

మిర్యాలగూడ ప్లాట్‌ఫారం.

టేపులోంచి దాది గొంతు తీసేసి పుష్పాబాయి గొంతు ఒక్కటే ఉంచారు. ఆమె ఏడుస్తోంది. జవాబు లేదు. నేను పక్కకు తిరిగేలోపే దాది లేచింది. రెండు చేతులు ముందుకు చాచి రాగం అందుకుంది. నీళ్ల అవతల ఒక గొంతు, నా పక్కన ఒక గొంతు. చచ్చిన తమ్ముడి పేరు వస్తే ఆ పేరుకు పలికింది. పోయిన గొడ్ల మాట వస్తే దానికీ పలికింది. గీ ముసలమ్మ గూడ ఆక్టరేనా, మంచిగ జేస్తుంది అన్నాడు వెనక ఎవరో. లైట్ల మనిషి ఆమె మీదికి లైటు తిప్పాడు. మళ్లీ చప్పట్లు.

నా దీపాలు ఆఖరున వెలిగాయి. నీళ్ల అడుగున ఒకటి, తర్వాత ఇంకొకటి, నేను చెప్పినట్టే. అన్నీ వెలిగాక అక్షరాలయ్యాయి. సేటు మిల్లు బియ్యం పేరు.

అక్షరాలంటే నాకు ప్రాణం. వాటిని చదవకుండా తల దించుకున్నాను.

27 జనవరి

కాలేజీ ఎగ్గొట్టి పార్కుకు వెళ్లాను. క్యాసెట్ ఇవ్వండి అన్నాను. మాస్టర్‌ టేపులోకి ఎక్కించేశాం, ఒరిజినల్ స్టూడియోలో ఎక్కడో పోయింది అన్నారు. మాట ఇచ్చారు కదా సార్ అన్నాను. సింగర్‌తో ఆ బాధ పలకలేదమ్మా, రైటర్‌వి నీకు నేను చెప్పాలా అన్నారు. బోర్డు సంగతి అడిగితే సేటుగారి నిర్ణయం అన్నారు. దయ్యాలు ఎందుకంటే, జనం చివరిదాకా కూర్చోవాలి కదా తల్లీ అన్నారు.

తర్వాత గొంతు తగ్గించి, మీ బామ్మగారిని రోజూ తీసుకురాగలవా, నిన్న ఎఫెక్ట్ అదిరిపోయింది అన్నారు.

ఎల్లయ్య తాళ్లు చుడుతూ తల ఎత్తలేదు. నేను గేటు దాటాక మాత్రం వెనకాలే వచ్చి, జర మంచినీళ్లు తాగి పో బిడ్డా అన్నాడు.

 

28 జనవరి

నమ్మకద్రోహం. వ్యాసాల్లో ఎన్నిసార్లు రాశానో. ఇవాళ డిక్షనరీ తీసి దాని అర్థం మళ్లీ చూశాను.

16 ఫిబ్రవరి, ఆదివారం. తండా

దాది రోజూ పొద్దుగూకే వేళకు కాలువ కట్ట మీదుగా పార్కు వెనక గోడ దగ్గరికి పోతోందని మా యాడీ, అంటే అమ్మ, చెప్పింది. ఇవాళ నేనూ వెంట వెళ్లాను. గోడ అవతల నా మాటలు వినిపించాయి. తర్వాత చప్పట్లు. ఈలలు. తర్వాత పుష్పాబాయి. దాది గోడకు చెంప ఆనించి మెల్లగా పలికింది. అయ్యాక కళ్లు తుడుచుకుని ఇగ పోదాం పా అంది.

దారిలో చెప్పాను. పేపర్‌కు రాసి పెట్టింది పంపుతాను దాదీ, కలెక్టర్ దాకా పోతాను, ఆ టేపు ఆపిస్తాను. దాది నడక ఆపేసింది. ఆపిస్తే నా చెల్లె యాడుంటది అని అడిగింది. ఆళ్లు దొంగలే, ఎరకే, అయినా రోజూ దానితోని నన్ను పిలిపిస్తున్నరు గద అంది.

నాకు ఆ మనిషి తల వంచాలని ఉంది. ఆమెకు చెల్లె కావాలి. పేపర్‌కు రాసినది పెట్టె అడుగున పెట్టాను. ఆయన నా కోపాన్ని కూడా తీసుకుపోయారు.

20 ఏప్రిల్, ఆదివారం

ఎండాకాలమని కాలువకు నీళ్లు ఆపేశారు. లగూన్ ఎండింది, షో లేదు. బురదలో గుడిసెలు, వాటికి కట్టిన ఇటుకలు.

దాది గోడ దగ్గర చాలాసేపు ఎదురు చూసింది. ఇవాళ తనే ముందు అందుకుంది. అవతల ఎవరూ పలకలేదు.

నాకు రాగం రాదు. దాది మెడ పట్టుకుని పలికాను.