వీణ తంత్రులు సడలించాను

ఏమండీ,

అక్క కూతురికి నొప్పులని కబురొచ్చింది, చీపురుపల్లి వెళ్తున్నాను. ఉలవచారు ఉట్టిలో ఉంది. వేలికి వేసిన పసుపు కట్టు తడపకండి.

మొన్న తలుపు సందులో నలిగిందన్నారు, నమ్మాను. నిన్న పాలు తెచ్చిన అసిరమ్మ అసలు సంగతి చెప్పింది. "వీణ పాటం సెప్పడానికెల్లిన మాస్టారు మిల్లు ఇంజినీర్లతో రగ్బీ అంట, బంతి కోసం బురదలో పొర్లతన్నారమ్మా!"

నలభై ఆరేళ్ళకి కొత్త ఆటా? దసరాకి బొబ్బిలి కచేరీ ఒప్పుకున్నారు. ఆ వేలితో వీణ మెట్లు ఎలా నొక్కుతారు? మొండిగా వాయిస్తారని వీణ తంత్రులు సడలించి వెళ్తున్నాను. నేనొచ్చేదాకా బిగించకండి.

కామేశ్వరి

తా.క. నిన్న సాయంత్రం మిల్లు ప్రహరీ పక్కన నిలబడి నేనూ చూశాను. కట్టు కట్టిన చేత్తోనే ఆడుతూ పగలబడి నవ్వుతున్నారు. వీణ ముందు మీరెప్పుడూ అలా నవ్వలేదు. వేలు మానుతుంది లెండి. నా భయం దాని గురించి కాదు.