నీ గది జాలీ

అన్నా,

యుద్ధం ముగిశాక మళ్లీ రుమైథియాలో మన యజమానురాలు మామా ఇంట్లోనే పనికి చేరాను. ఈ చలికాలం ఇల్లంతటికీ ఉన్న ఆ ఒక్క హీటర్ వెలిగించిన కాసేపటికే వేడెక్కి ఆగిపోతోంది. ఫిల్టర్ కడిగినా అంతే. మన కడప మెకానిక్ వచ్చి, "గాలి ఆడ్లేదక్కా, గదుల్లోకి గాలొచ్చే జాలీల్లో ఏందో అడ్డముండాది," అన్నాడు.

జాలీలు విప్పితే పిల్లల గదిలో, మామా గదిలో కుక్కిన నా చీరలు. ఇండియాకు పారిపోతూ నేను వదిలేసినవి. ఇరాక్ సైన్యం విషవాయువు వదులుతుందని నువ్వే కుక్కావని మామా చెప్పింది. అవి కుక్కిన మరునాడే రొట్టెలకని కారు తీసుకెళ్లి, నువ్విక రాలేదు.

హీటర్ ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది. చివరికి నీ డ్రైవరు గదిలో జాలీ కూడా నేనే విప్పాను. చీరలు చాలలేదేమో అన్నా, అందులో ఏమీ లేదు.