తలరంగు తెచ్చిన తంటా

అమ్మమ్మా,

కోప్పడకు, నువ్వు మళ్ళీ రక్తం ఇవ్వాలి. ముసలితనం ముందే వచ్చేసే నా జబ్బును నీ మామూలు ముసలితనంతో పోల్చాలని డాక్టరుగారు మనిద్దరి రక్తమూ తీయించారు కదా. ముప్పై రెండేళ్ళ నా తెల్లజుట్టునీ, ఎనభై ఏళ్ళ నీ రంగేసిన నల్లజుట్టునీ చూసి, ఎవరు అమ్మమ్మో అడగకుండానే నర్సు ట్యూబుల మీద పేర్లు తారుమారుగా రాసింది.

"పోయినసారికంటే నీకు బాగా నయమమ్మా" అని డాక్టరుగారు అంటే, మోకాళ్ళ నొప్పులతోనే రెండు రోజులు గంతులేశాను. తీరా చూస్తే అది నీ రక్తం.

నీలో నడిచి వస్తున్న ముసలితనమే నాలో పరిగెడుతోందట. దాని పరుగు ఆపే కిటుకు నీ రక్తంలోనే వెతకాలట.

ఈసారి రంగు వేసుకోకుండా రా. మానలేనంటే, మిగిలింది పట్రా, నేనూ వేసుకుంటాను.

నీకంటే ముందే ముసలిదైపోతున్న
నీ మనవరాలు