థూజా వచ్చి వెళ్ళింది

సగాయిం కొండ, ధ్యానకేంద్రం

చెల్లీ సాండా, నేను కులాసా. గుండు కూడా అలవాటైంది.

ఇక్కడ కళ్ళు మూసుకుంటే శాంతి వస్తుందనుకున్నాను. వచ్చింది మాత్రం నా థూజా. కిందటి వానల్లో జ్వరం ఎత్తుకుపోయిన పిల్ల, చెంపలకు తనకా చెక్క అరగదీసిన గంధం పూసుకుని రోజూ నా ఎదుట కూర్చునేది. పొమ్మనేదాన్ని, పోతే ఏడ్చేదాన్ని.

నిన్న గురువమ్మ పట్టేసింది. "ఏమే, ధ్యానం చేస్తున్నావా, కుస్తీ పడుతున్నావా?" అంది. సంగతి చెప్పాను. "పిచ్చిదానా, కన్నబిడ్డను తరుముతారటే? వస్తే చూడు. వెళ్తే చూడు. అంతే" అంది.

ఈ ఉదయం థూజా వచ్చింది, నవ్వింది, వెళ్ళిపోయింది. నేను వెంటపడలేదు. అది వెళ్ళాక లోపల ఏదో సంతోషం మిగిలింది. వాకిలి ఊడ్చినా, అన్నం తిన్నా అది చెదరలేదు. బెంగా పోలేదు, ఆ సంతోషం పక్కనే కూర్చుంది.

అమ్మ దగ్గు తగ్గిందా? ఇంటి కప్పు నేయించావా? ఇక్కడ చలి, మందపాటి దుప్పటి పంపు. ఇన్నాళ్ళూ నేను నిన్ను ముట్టుకోనివ్వని థూజా బట్టల పెట్టె తెరిచి, అన్నీ పక్కింటి పిల్లకు ఇచ్చెయ్యి. అందులోని పూల లుంగీ కట్టుకుని ఆ పిల్ల మన వాకిట్లో నడిచినప్పుడు ఎలా ఉందో నాకు రాయి.

అందరూ చల్లగా ఉండాలి.

అక్క, ఖిన్ మో