వంపిన నీళ్లు

కెరోకా,
14 ఆగస్టు 1998.

పూజ్యురాలైన అత్తయ్య గారికి,

మీ అల్లుడు మకోరి నమస్కారాలు. ఇక్కడ క్షేమమని రాయలేను. పాప మాత్రం డబ్బాపాలు తాగుతోంది.

అల్లుడు అత్తగారి ఎదుట నిలబడి ఇలాంటివి మాట్లాడకూడదు కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మాయి బోసిబొరి పోయి నేటికి నలభై ఒక్క రోజులు. ఒంట్లో రక్తం ముందే తక్కువ. కాన్పులో ఇంకొంత పోయింది. ఎక్కించడానికి సమయానికి దొరకలేదు.

మీ పెరట్లో చిన్సాగా ఆకుమొక్కలన్నీ పీకేశారని మా చెల్లెలు కెరుబో చెప్పింది. పాపను ఒళ్లో పెట్టబోతే, "ఈ చేతులతో వద్దే. ఆకు ఉడకబెట్టి నీళ్లు వంపెయ్యమని దానికి నేర్పింది నేనే. నా కూతురి రక్తం నేనే పారబోశాను" అన్నారట.

నీళ్లు వంపడం తప్పన్న మాట మీకు నా నోటినుంచే వచ్చింది. నిరుడు మీ సంతలో వ్యవసాయశాఖ మీటింగు పెట్టి చెప్పాను: చిన్సాగాలో ఇనుము క్యాబేజీలో కంటే ఎంతో ఎక్కువ, చేదు పోవాలని నీళ్లు వంపేస్తే బలం చాలావరకు వాటితోనే పోతుంది, ఆ నీళ్లలోనే పాలు పోసి వండుకోండి అని. ఆకు అమ్మే ఒకావిడ లేచి, "ఆఫీసరు బాబూ, మా అమ్మమ్మలు వంపేసుకుంటూనే పదేసి మందిని కన్నారు. నువ్వు ముందు ఒకర్ని కని చూపించు!" అంది. అందరూ నవ్వారు. మీరు వెనక వరుసలో, నావైపు చూడకుండా, నవ్వకుండా విన్నారు.

ఈ చావుకు మీరు కారణం కాదు. పాపను ఎత్తుకోండి. పేరు మీరే పెట్టాలి.

ఇంతకంటే రాయడం చేతకావడం లేదు.

మీ అల్లుడు,
మకోరి

తా.క.: పైన రాసింది ఓదార్పు మాట అనుకుంటారు. కాదు. పెళ్లయ్యాక మా ఇంట్లో చిన్సాగా వండనేలేదు. ఆఫీసరు ఇంట్లో కలుపుమొక్కలు తింటున్నారని క్వార్టర్లలో అనుకుంటారని నేనే వద్దన్నాను. ఏడో నెలలో బోసిబొరి కళ్లు తిరిగి గడపమీద కూర్చుండిపోయి, "ఊరంతటినీ తినమంటారు, నన్నొక్క పూట వండుకోనివ్వరా?" అని అడిగింది. క్యాబేజీ తెచ్చిచ్చాను. మీరు పంపిన ఆకు కట్టలు పనిమనిషి తన ఇంటికి పట్టుకెళ్లేది. మీతో చెప్పవద్దని బోసిబొరితో అన్నాను, తను చెప్పలేదు. ఆ ఆకు తిని ఉంటే బతికేదా అని డాక్టరును అడిగాను. తెలియదన్నాడు. మీరు నేర్పినట్టు నీళ్లు వంపే అవకాశం కూడా ఆమెకు నేనివ్వలేదు.