నీ నెమలికి నా తోక

పెద్దమ్మా,

నువ్వు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. నీ కుట్టు సంచి ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఈ సంవత్సరం ఏమేం కుట్టాలో వరస వేసుకున్నాను. ముందు నువ్వు సగంలో ఆపిన నెమలి, తర్వాత గులాబీల దిండు గలీబులు. అవి అయ్యాకే నా సొంత డిజైను.

నెమలి తోక మొదలుపెట్టగానే చిక్కొచ్చింది. నీది ఎడమచేతి వాటం కదా. నీ ఇంటూ కుట్లలో, అదే క్రాస్ స్టిచ్‌లో, ఒకదాని మీద ఒకటి దాటే రెండు కుట్లలో పైది ఎడమకు వాలి ఉంది, నావి కుడికి వాలాయి. ఒకే నీలం దారమైనా తోక మెరుపు వేరుగా కనిపించింది. చేతి అలవాటుకీ, కుట్టు వాలుకీ ఒకే మాట సరిపోయింది; ‘వాటం’ ఎంత మంచి మాటో అప్పుడే తెలిసింది.

“అక్కది విప్పేసి మొత్తం నువ్వే కుట్టెయ్యవే, ఒకేలా ఉంటది” అంది అమ్మ.

“నాదే విప్పుతానమ్మా.”

విప్పిన దారం పీచులేచి పనికిరాలేదు. వన్ టౌన్ బజారుకి వెళ్లి మళ్లీ నీలం దారం లచ్చి తెచ్చుకున్నాను. నీలాగే ఎడమకు వాల్చి కుట్టడానికి మొదట్లో చెయ్యి మాట వినలేదు. నిన్నటికి తోక పూర్తయింది.

అమ్మ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని వేలితో తడిమింది.

“అక్క ఎక్కడిదాకా కుట్టిందే?”

“నువ్వే చెప్పు చూద్దాం.”

చాలాసేపు వెతికింది. “తెలీట్లేదే. పోన్లే, మొత్తం అక్కదే అనుకుంటా” అంది.

నా కుట్టును ఇంతకన్నా ఎవరు మెచ్చుకుంటారు, పెద్దమ్మా?