వద్దన్నాయనకి రాసిన కార్డు

అక్కా,

నాకు ఉద్యోగం వచ్చేసింది! మైక్రోస్కోపులు బాగుచేసే షాపు పెద్దాయన పోయిన నెల నన్ను వద్దన్నాడు కదా, ఆయన వల్లే. స్క్రూలు మరీ బిగించేస్తున్నావని ఆయన చెప్పిన తప్పు దిద్దుకున్నానని, అంత ఓపిగ్గా చూపించినందుకు థ్యాంక్స్ అని కార్డు రాశాను. వద్దన్నవాడికి థ్యాంక్సేంటే అని నువ్వు పడీపడీ నవ్వావు.

ఈ పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. "నిన్ను పంపించేశాక నా మనసు మనసులో లేదమ్మా. మా దగ్గర ఖాళీ లేదు గానీ, ఆసుపత్రి ల్యాబులో మా స్నేహితుడికి నీ కార్డు చూపించాను. వెంటనే వెళ్లు" అన్నాడు.

పరుగున వెళ్లాను. ఆ స్నేహితుడు నాచేత ఒక పాత మైక్రోస్కోపు విప్పించి, మళ్లీ బిగించమని, అందులో కన్ను పెట్టి చూసి, ఇవాళే చేరమన్నాడు.

నా కొత్త బల్ల మీదే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు ఇంకా వదల్లేదు.

నీ చెల్లి